నలుపంతా ఒకటి కాదు: మన టైరులో, మన పైపులో ఉన్న కార్బన్ బ్లాక్ కథ

కొత్తవలస నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు ఎపిసోడ్ ఒక నల్లటి పొడి గురించి.

ముందు మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెడదాం. ట్రాన్స్‌పరెంట్ బ్యాక్ కవర్ కొన్నారనుకోండి, కొన్ని నెలలకే పసుపుపచ్చగా తయారవుతుంది. నల్ల కవర్ వాడేవాళ్లకి ఆ గొడవ లేదు. అలాగే మీ బండి టైరు నలుపు, డాబా మీద వాటర్ ట్యాంకు నలుపు, చేలో డ్రిప్ పైపు నలుపు, కరెంటు స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సర్వీస్ వైరు నలుపు. ఎండలో ఉండేవి, రాపిడికి గురయ్యేవి, దాదాపు అన్నీ నలుపే. కంపెనీ వాళ్లకి వేరే రంగులు దొరక్క కాదు కదా!

ఆ నలుపు పేరు కార్బన్ బ్లాక్. నేను కొన్నేళ్లు ఒక రబ్బరు మిక్సింగ్ షెడ్‌లో పనిచేశాను. రోజూ డ్యూటీ దిగాక సబ్బుతో రెండుసార్లు తోముకున్నా ముక్కులోంచి నల్లగా వచ్చేది. అందుకని ఈ పొడితో నాకు బాగానే పరిచయం. ఈ వీడియోలో నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. నలుపు చూసి సరుకు మంచిదని నమ్మకండి. ఆ నలుపు ఏ గ్రేడ్‌ది, ఎంత కలిపారు, ఎలా కలిపారు అన్నదాని మీదే సరుకు ఎన్నేళ్లు ఉంటుందో తేలుతుంది. దాన్ని ఫోన్‌తో కొంతవరకు ఎలా చెక్ చేసుకోవాలో కూడా చివర్లో చూపిస్తాను.

అసలు ఇది ఏంటి?

చాలామంది బొగ్గును మెత్తగా నూరితే కార్బన్ బ్లాక్ వస్తుందనుకుంటారు. అలా రాదు. మీ అమ్మమ్మ కాటుక పట్టడం చూశారా? ఆముదం దీపం వెలిగించి, దాని మీద రాగి గిన్నె బోర్లిస్తారు. గిన్నెకి తగినంత గాలి అందని మంట తగిలి, లోపల నల్లటి మసి పేరుకుంటుంది. పూర్తిగా కాలని నూనెలోంచి విడిపోయిన కార్బన్ అది. మన పూర్వీకులు తాటాకు మీద గంటంతో గీసి, అక్షరాలు కనపడడానికి పూసింది కూడా ఇలాంటి మసినే.

ఫ్యాక్టరీలో చేసేది ఇదే పని, కాకపోతే చాలా కంట్రోల్‌తో. పెట్రోలియం రిఫైనరీలో చివర మిగిలే చిక్కటి నూనె, లేదా స్టీల్ ప్లాంట్ కోక్ ఓవెన్ల దగ్గర వచ్చే తారులోంచి తీసిన నూనె, ఇవీ ముడిసరుకు. రిఫైనరీ, స్టీల్ ప్లాంటు రెండూ ఉన్న విశాఖ పక్కనే పెరిగాం కాబట్టి ఈ నూనెల వాసన మనకి కొత్త కాదు. 1,400 డిగ్రీలు దాటిన కొలిమిలోకి ఆ నూనెని స్ప్రే చేస్తారు. సెకనులో చిన్న భాగంలోనే అది విడిపోయి కార్బన్ రేణువులు పుడతాయి. వెంటనే నీళ్లు కొట్టి చల్లారుస్తారు. ఆ నీళ్లు ఎంత తొందరగా కొట్టారు, వేడి ఎంత, గాలి ఎంత అన్నదాన్ని బట్టి రేణువు సైజు మారుతుంది. తర్వాత గుడ్డ ఫిల్టర్లలో పట్టి, గింజల్లా చేసి, బస్తాలకెత్తుతారు. 97 శాతానికి పైగా శుద్ధమైన కార్బన్ ఉంటుంది. పొయ్యి మసి, లారీ సైలెన్సర్ మసి అలా ఉండవు. వాటిలో నూనె జిడ్డు, బూడిద, ఇంకా ఏవేవో ఉంటాయి.

ఈ ఫర్నేస్ పద్ధతిని నూనెతో మొదలుపెట్టింది రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1943లో, అమెరికాలోని టెక్సాస్‌లో ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీ. మన దేశంలో ఫిలిప్స్ కార్బన్ బ్లాక్ అన్న కంపెనీ 1960లో మొదలైంది, ఫ్యాక్టరీ పశ్చిమబెంగాల్‌లోని దుర్గాపూర్‌లో పెట్టారు. పేరులో ఫిలిప్స్ ఎందుకుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఎన్330 అంటే ఏంటి?

కార్బన్ బ్లాక్ బస్తా మీద ఎన్110, ఎన్220, ఎన్330, ఎన్550, ఎన్660, ఎన్990 అని రాసి ఉంటుంది. చూడ్డానికి బస్సు నంబర్లలా ఉంటాయి గానీ, దీనికో లెక్క ఉంది. ముందున్న ఎన్ అక్షరం రబ్బరు ఉడికే వేగం మామూలుగా ఉంటుందని చెప్తుంది. ముఖ్యమైంది దాని తర్వాతి మొదటి అంకె. ఆ అంకె చిన్నదైతే రేణువు సన్నం, పెద్దదైతే రేణువు లావు. మిగతా రెండు అంకెలు ఒక గ్రేడ్‌ని ఇంకో గ్రేడ్ నుంచి వేరుగా గుర్తుపట్టడానికి పెట్టినవి.

సన్నం అంటే ఎంత సన్నం? ఎన్110 రేణువు 20 నానోమీటర్ల లోపే. ఎన్330 అయితే 30 దాకా. ఎన్660 అయితే 50, 60. ఎన్990 రేణువు 200 దాటుతుంది. ఒక మిల్లీమీటరుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు.

ఈ అంకెలు నాకూ మొదట్లో బుర్రకెక్కేవి కావు. అందుకని సెంట్ల లెక్కలో చెప్తాను, మనకి స్థలం అంటే తొందరగా అర్థమవుతుంది. పొడి ఎంత సన్నగా ఉంటే, ఆ రేణువులన్నిటి పైభాగం కలిపితే అంత ఎక్కువ విస్తీర్ణం వస్తుంది. ఒక్క గ్రాము, అంటే చిటికెడు, ఎన్110 తీసుకుని ప్రతి రేణువు పైభాగాన్నీ పరిచామనుకోండి, దాదాపు 127 చదరపు మీటర్లు వస్తుంది. మూడు సెంట్ల ఇంటి స్థలం! ఎన్330 అయితే 78 చదరపు మీటర్లు, రెండు సెంట్లకి కాస్త తక్కువ. ఎన్660 అయితే 35, అంటే ఒక్క సెంటు కూడా రాదు. ఎన్990 అయితే 8 మీటర్లు, సెంటులో ఐదో వంతు.

రబ్బరు పట్టుకునేది ఈ స్థలాన్నే. స్థలం ఎక్కువ ఉంటే పట్టు ఎక్కువ.

ఇంకో గుణం కూడా ఉంది. రేణువులు విడివిడిగా ఉండవు, ద్రాక్ష గుత్తుల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. గుత్తి ఎంత కొమ్మలు కొమ్మలుగా ఉంటే అంత ఎక్కువ స్ట్రక్చర్ ఉందంటారు. వంద గ్రాముల పొడి ఎంత నూనె పీల్చుకుంటుందో చూసి దీన్ని కొలుస్తారు. సైజు, గుత్తి, ఈ రెండూ తెలిస్తే ఆ గ్రేడ్ సంగతి చాలావరకు తెలిసినట్టే.

టైరులో ఏం చేస్తుంది?

మొదట్లో వచ్చిన టైర్లు నల్లగా ఉండేవి కావు. రబ్బరు సహజ రంగు లేత గోధుమ, అందులో జింక్ ఆక్సైడ్ కలిపితే తెల్లగా ఉండేది. పాత కార్ల ఫొటోల్లో తెల్ల టైర్లు చూసే ఉంటారు. 1904లో లండన్‌లోని సిల్వర్‌టౌన్‌లో ఎస్.సి. మోట్ అనే ఆయన కార్బన్ బ్లాక్ రబ్బరుకి బలాన్నిస్తుందని కనిపెట్టాడు. రంగు కోసం వాడే పొడి కాస్తా బలం కోసం వాడే పొడి అయింది. ఇవాళ టైర్లలో ఎక్కువగా వాడే ఎస్‌బీఆర్ అనే సింథటిక్ రబ్బరుని ఏమీ కలపకుండా లాగితే తేలిగ్గా తెగిపోతుంది. సరైన గ్రేడ్ కార్బన్ బ్లాక్ కలిపితే దాని బలం సుమారు పది రెట్లు పెరుగుతుంది. టైరు బరువులో దాదాపు పావు వంతు ఈ పొడే.

మరి టైరంతా ఒకే గ్రేడ్ వేస్తే సరిపోదా? సరిపోదు. ఇక్కడి నుంచి ఎస్.కోట మీదుగా అరకు వెళ్లే లారీని చూడండి. అనంతగిరి ఘాట్‌లో టైరు కింది భాగం, అంటే రోడ్డుకి తగిలే ట్రెడ్, రాళ్ల మీద ఒరుసుకుంటుంది. దానికి అరగకుండా ఉండే గుణం కావాలి. అందుకని అక్కడ సన్న గ్రేడ్లు, ఎన్220, ఎన్234, ఎన్330 లాంటివి వేస్తారు. పక్క గోడ పని వేరు. అది ప్రతి చుట్టుకీ వంగి లేస్తుంది. సన్న పొడి వేస్తే రబ్బరు వంగినప్పుడల్లా లోపల వేడి ఎక్కువ పుడుతుంది. అందుకని పక్క గోడకి, లోపలి పొరలకి ఎన్550, ఎన్660 లాంటి లావు గ్రేడ్లు. ఖరీదైనదే అన్నిచోట్లా వేస్తే టైరు బాగుంటుందన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఏ చోటికి ఏది కావాలో అదే వెయ్యాలి.

లారీ ఓనర్లకి ఒక మాట. టైరు రీసోలింగ్ చేయించేటప్పుడు కొత్త ట్రెడ్ రబ్బరులో ఏం కలిపారన్నదే మీ కిలోమీటర్లని తేలుస్తుంది. పైన గాడులు ఎంత లోతుగా కనిపించినా, లోపల చవక పొడి నింపితే తొందరగా అరిగిపోతుంది.

మన కొత్తవలసకి ఇంకో లింకు ఉంది. ఇక్కడ మొదలయ్యే కిరండూల్ లైను 1960ల్లో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి, అక్కణ్నుంచి జపాన్‌కి పంపడానికి. రైలు దిగిన ఖనిజాన్ని పోర్టులో ఓడ దాకా మోసేది రబ్బరు కన్వేయర్ బెల్టులు. పదునైన రాళ్లు రోజంతా పడుతుంటే తట్టుకునేది ఆ బెల్టు పై పొర, దాని బలమూ ఈ నల్ల పొడిలోనే ఉంది. బొగ్గు గనుల్లో వాడే బెల్టులకైతే ఇంకో అవసరం ఉంది. రాపిడికి పుట్టే కరెంటు నిప్పురవ్వ కాకుండా భూమిలోకి పోవాలి. అందుకు గుత్తులు బాగా విప్పారిన, కరెంటుని పోనిచ్చే ప్రత్యేక గ్రేడ్లు ఉంటాయి.

అచ్యుతాపురంలో యోకోహామా గ్రూపుకి చెందిన ఏటీసీ టైర్ల ఫ్యాక్టరీ 2022 ఆగస్టు 16న ప్రారంభమైంది. పొలం బండ్లు, మైనింగ్ బండ్ల టైర్లు తయారవుతాయి. మన కుర్రాళ్లు ఎవరైనా అలాంటి చోట ఇంటర్వ్యూకి వెళ్తే, ఎన్330కి ఎన్660కి తేడా ఏంటని అడిగితే, సెంట్ల లెక్క గుర్తు తెచ్చుకోండి.

ప్లాస్టిక్‌లో పని వేరు

రబ్బరులో కార్బన్ బ్లాక్ బలం ఇస్తుంది. పైపులో, ట్యాంకులో మాత్రం దాని ముఖ్యమైన పని కాపలా.

ఎండలో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి, యూవీ అంటాం. పాలిథిన్ అంటే పొడవైన గొలుసులు. యూవీ పడితే ఆ గొలుసులు తెగుతాయి, తెగిన చోట గాలిలో ఆక్సిజన్ చేరుతుంది, అక్కణ్నుంచి పక్క గొలుసులూ తెగడం మొదలవుతుంది. కొన్నాళ్లకి ప్లాస్టిక్ పెళుసెక్కి, చేత్తో నొక్కితే పెంకులా విరుగుతుంది. కార్బన్ బ్లాక్ ఆ యూవీని తను మింగేసి వేడిగా మార్చేస్తుంది. గొలుసు తెగినప్పుడు పుట్టే చురుకైన ముక్కల్ని కూడా పట్టి ఆపుతుంది. టెలిఫోన్ కేబుళ్ల మీద తొడుగుకి ఏం వాడాలని అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు పరీక్షలు చేసినప్పుడే, రెండు మూడు శాతం సన్న కార్బన్ బ్లాక్ బాగా కలిపితే పాలిథిన్ ఎన్నో ఏళ్లు ఎండకి ఆగుతుందని తేలింది.

మన దేశంలో నీటి సరఫరాకి వాడే హెచ్‌డీపీఈ పైపుల ప్రమాణం ఐఎస్ 4984. అందులో కార్బన్ బ్లాక్ 2.5 శాతం ఉండాలి, అటూ ఇటూ అర శాతం తేడా ఉండొచ్చు. అంటే 2 నుంచి 3 శాతం మధ్యలో. తక్కువైతే కాపలా చాలదు. మరీ ఎక్కువైతే అదనపు లాభం పెద్దగా లేదు, పైపు గుణం దెబ్బతింటుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. అర శాతం కలిపినా పైపు నల్లగానే కనిపిస్తుంది. రెండున్నర శాతం కలిపినా నల్లగానే కనిపిస్తుంది. మన కంటికి తేడా తెలీదు. ఎండకి మాత్రం తెలుస్తుంది!

రెండో చిక్కు, కలపడం. పైపు ఫ్యాక్టరీల్లో పొడిని నేరుగా వెయ్యరు. దాదాపు 40 శాతం కార్బన్ బ్లాక్ ఉన్న మాస్టర్‌బ్యాచ్ గింజలు వాడతారు. లెక్క వేస్తే వంద కిలోల మిశ్రమంలో ఆరు కిలోల పైచిలుకు ఆ గింజలు పడాలి. డబ్బులు మిగుల్చుకోవాలనుకునేవాడు గింజలు తగ్గిస్తాడు, లేదా సున్నపురాయి పొడి ఎక్కువ, కార్బన్ తక్కువ ఉన్న చవక గింజలు తెస్తాడు. సరిగ్గా కలవకపోతే పొడి ముద్దలు కట్టి, ముద్ద లేని చోట ఎండ దూరుతుంది, ముద్ద ఉన్న చోట చీలిక మొదలవుతుంది. ఉప్మాలో ఉప్పు ఒకచోటే పడినట్టు.

మూడో చిక్కు, నలుపు దేన్నైనా దాచేస్తుంది. రంగురంగుల పాత బకెట్లు, కుర్చీలు కరిగించి కలిపితే వచ్చే మురికి రంగుని కప్పేది నలుపొక్కటే. రీసైక్లింగ్ చెడ్డదని నేను అనడం లేదు. పూలకుండీకి, చెత్తబుట్టకి అది బంగారం. కానీ ప్రెషర్‌తో నీళ్లు పోయే పైపులో బయటి పాత ప్లాస్టిక్ కలపకూడదు.

మా మావకి ఇలాగే జరిగింది. బోరు నుంచి కూరగాయల మడికి పైపు కొందామని వెళ్లాడు. మార్కున్న పైపు చూపించాను. "ఏట్రా, అదీ నలుపే, ఇదీ నలుపే. ఊరికే డబ్బులెక్కువెందుకు పెట్టాలి?" అని మార్కు లేనిది తెచ్చుకున్నాడు. రెండో వేసవి దాటకుండానే ఎండ తగిలిన వైపంతా జుట్టంత సన్నటి పగుళ్లు. మోటారు వేస్తే మూడు చోట్ల చిమ్మింది. అమ్మినాయన దగ్గరికెళ్తే బిల్లు అడిగాడు. బిల్లెక్కడుంది? చీటీ ముక్క మీద లెక్క రాసిచ్చాడంతే. ఆ వేసవి వంగ మొక్కలు సగం ఎండిపోయాయి. పైపు డబ్బులకంటే ఆ పంట డబ్బులే ఎక్కువ పోయాయి.

ఫోన్‌తో ఏం చెక్ చెయ్యొచ్చు?

ఒకటి. పైపు మీద, ట్యాంకు మీద ఐఎస్ఐ మార్కు చూడండి. పైన ప్రమాణం నంబరు, పైపుకైతే ఐఎస్ 4984, రోటోమౌల్డింగ్ వాటర్ ట్యాంకుకైతే ఐఎస్ 12701 ఉండాలి. కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి.

రెండు. ప్లేస్టోర్‌లో బీఐఎస్ కేర్ అన్న యాప్ ఉంది, ప్రభుత్వానిదే. అందులో లైసెన్సు వివరాలు సరిచూసే ఆప్షన్‌లో ఆ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, అడ్రసు, ఏ సరుకుకి లైసెన్సు ఇచ్చారు, ఇప్పుడు నడుస్తోందా లేదా అన్నది వస్తుంది. పైపు మీదున్న పేరుతో పోల్చండి. నంబరు ఎవరైనా కాపీ కొట్టి అచ్చు వేయొచ్చు, కాబట్టి పేరు, సరుకు, లైసెన్సు స్థితి, మూడూ కలవాలి. కలవకపోతే అదే యాప్‌లో కంప్లయింట్ పెట్టొచ్చు.

మూడు. పైపు కోసిన అంచు చూడండి. లోపల గరుకుగా, తెల్లటి చుక్కలు, చిన్న చిల్లులు ఉంటే వద్దనుకోండి. కొందరు లైటర్‌తో కాల్చి వాసన చూస్తారు, దాని వల్ల కార్బన్ ఎంతుందో తెలీదు, పొగ పీల్చడమే మిగులుతుంది.

నాలుగు. ప్రింటున్న చోట ఫొటో తీసి, పక్కా బిల్లు తీసుకోండి. బిల్లు మీద ప్రమాణం నంబరు రాయించుకోండి. మా మావ దగ్గర లేనిది అదే.

ఎక్కువ మొత్తంలో కొనేవాళ్లు, ఊరి మొత్తానికి పైపులైను వేయించేవాళ్లు ల్యాబ్ టెస్టు అడగాలి. టెస్టు తేలికైనదే. ఒక గ్రాము పైపు ముక్కని నైట్రోజన్‌లో, అంటే ఆక్సిజన్ తగలకుండా, ఐదారు వందల డిగ్రీల్లో వేడి చేస్తారు. ప్లాస్టిక్ అంతా ఆవిరైపోయి నల్లపొడి మిగులుతుంది. దాన్ని తూచి, తర్వాత గాలిలో కాలుస్తారు. కార్బన్ కాలిపోతుంది, సున్నపురాయి లాంటివి ఉంటే బూడిదగా మిగులుతాయి. రెండు బరువుల తేడా కార్బన్ బ్లాక్. ఒక గ్రాముకి 25 మిల్లీగ్రాములు వస్తే సరిగ్గా రెండున్నర శాతం. విజయవాడలో, హైదరాబాద్‌లో ఉన్న సీపెట్ కేంద్రాలు ప్లాస్టిక్ టెస్టింగ్‌కి పేరున్నవి. పదో తరగతి, ఇంటర్ తర్వాత ఏం చెయ్యాలని అడిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు అక్కడి కోర్సులు కూడా ఒకసారి చూడండి.

పనిచేసే వాళ్లకి ఒక మాట

టైరులో, పైపులో కలిసిపోయిన కార్బన్ బ్లాక్ మన ఒంట్లోకి ఎగిరి రాదు. కానీ బస్తా విప్పే చోట, మిక్సింగ్ షెడ్‌లో ఎగిరే దుమ్ము వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 2బీ వర్గంలో పెట్టింది. అంటే మనుషులకి క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉండొచ్చని. భయపడి ఉద్యోగం మానెయ్యమని కాదు. ముఖానికి కర్చీఫ్ కట్టుకుంటే చాలదు, సరైన డస్ట్ మాస్కు అడగండి. దుమ్ము లాగే ఫ్యాను పనిచెయ్యకపోతే సూపర్‌వైజర్‌కి చెప్పండి. అన్నం తినే ముందు చేతులు, ముఖం కడుక్కోండి. ఆ బట్టలతో ఇంటికి రాకండి, ఇంట్లో పిల్లలుంటారు.

అలాగే పాత టైర్లు గాలి తగలకుండా కాల్చి తీసిన నల్లపొడిని కూడా కొందరు కార్బన్ బ్లాక్ పేరుతో అమ్ముతుంటారు. బాగా శుద్ధి చేస్తే దానికీ ఉపయోగాలున్నాయి. కానీ టైరులోని జింకు, సిలికా అన్నీ అందులో బూడిదగా మిగిలిపోతాయి, కాబట్టి అది ఎన్330 బస్తాకి సాటి రాదు. రబ్బరు చిన్న పరిశ్రమ పెట్టాలనుకునేవాళ్లు బూడిద శాతం ఎంతో కాగితం మీద చూపించమని అడగండి.

ఇదండీ సంగతి. ఇవాళ సాయంత్రం ఎండ తగ్గాక డాబా ఎక్కండి. మీ ట్యాంకు మీద సీఎం/ఎల్ నంబరు ఉందో లేదో చూసి, యాప్‌లో కొట్టి, ఏం వచ్చిందో కామెంట్‌లో రాయండి. కంపెనీ పేరు రాయక్కర్లేదు, కలిసిందా లేదా రాస్తే చాలు. ఇంట్లో రైతులుంటే ఈ వీడియో వాళ్లకి చూపించండి, పైపు కొనేముందే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.